ఒడిలో పోసిన గోధుమలు

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. గోడకు మాత్రం ఆనుకోకండి, ఆనుకుంటే నిద్రపోతారు. నేను నాందేడుకు కాపురానికి వచ్చిన కొత్తలో, ఎవరూ పిలవకుండానే ఒక ఇంటికి కూతురినైపోయిన సంగతి చెబుతాను.

నాది దెగ్లూరు అవతల, తెలంగాణ వైపు పల్లె. మూడో తరగతితో నా చదువు ముగిసింది. మా ఆయనకు నాందేడులో బట్టల మిల్లులో పని. బస్సెక్కితే ఒక పూట ప్రయాణమే, కానీ దిగేసరికి వేరే దేశం. బస్సు పలక మీద మరాఠీ రాత చదవలేను. కూరగాయలామె చెప్పే ధర అర్థం కాదు. ఏ కూరలో చూసినా పల్లీల పొడి, పప్పులో బెల్లం. పదిహేను రోజులు ఏడుస్తూనే ఉన్నాను.

మా ఆయనకు విసుగొచ్చింది.

“ఏందే, దినమంత మిల్లుల సప్పుడు, ఇంటికొస్తె నీ ఏడుపు! ఈ చైత్రం ఎల్లేదాక చూస్త. గప్పటికి నీ మనసు కుదరకుంటె ఊళ్లె మా అమ్మ దగ్గర దింపొస్త. నేను మెస్సుల తింట.”

మా అత్త, నేను నిద్రలో పక్కకు తిరిగినా కారణం అడిగే మనిషి. ఆ మాట వినగానే ఏడుపు దిగమింగాను. నెల తిరిగేలోపు ఈ ఊళ్లో నాకొక మనిషి దొరకాలి, లేకపోతే అత్త దగ్గరికి పోవాలి.

మేమున్నది ఒక పెద్ద ఇంటి వెనక గది. ఇంటామె మరాఠీ మనిషి, నిలువెత్తు మనిషి. ఆమె గొంతు విప్పితే పెరట్లో పావురాలు లేచిపోయేవి. ఎక్కువగా తన కోడలి మీదే విప్పేది. ఆ కోడలి పుట్టిల్లు భోకర్, తెలంగాణ సరిహద్దు ఊరు, అందుకే తెలుగు వచ్చు. ఇంటామెతో నేనేం మాట్లాడాలన్నా ఆ పిల్లే అటూ ఇటూ చెప్పాలి.

చైత్రంలో ఒకరోజు ఇంటామె నన్ను పసుపు కుంకుమకు పిలిచింది. మామిడికాయ పానకం ఇచ్చింది. లేచి వస్తుంటే ఆపి ఏదో అంది.

“కొంగు పట్టమంటుంది,” అంది కోడలు.

పట్టాను. టెంకాయ పెట్టింది, రవికె గుడ్డ పెట్టింది, దోసెడు దోసెడు గోధుమలు పోసింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా దగ్గర ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసేది పుట్టింటివాళ్లు. ఆ బియ్యం వండి నలుగురికి పెట్టుకుంటాం. ఈమె పోసింది గోధుమలు. ఊరిని బట్టి గింజ మారి ఉంటుంది, పోసిన చెయ్యి మాత్రం తల్లి చెయ్యే అనుకున్నాను.

తెల్లారి నుంచి నేను ఆ ఇంటి ఆడపిల్లను. స్నానం చేసి నేరుగా వెనక వాకిలి నుంచి వాళ్ల వంటింట్లోకి పోయాను. ముంతలో మజ్జిగ నేనే ఒంపుకున్నాను. ఇంటామె అట్లకాడ పట్టుకొని అలాగే నిలబడిపోయింది. “అమ్మా, తలకు నూనె పెట్టు,” అని ఆమె ముందు కూర్చున్నాను. కోడలు మరాఠీలో చెప్పింది. ఏం చెప్పిందో గానీ, ఇంటామె కాసేపు ఆలోచించి నూనె పెట్టింది.

కూతురినయ్యాక కోడలికి నేను ఆడబిడ్డనే కదా! ఆ హోదా వదులుతానా?

“వదినె, చాయ్ పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్యి. నిన్న మరీ సప్పగున్నది.”

ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతూ పెట్టేది.

గోధుమలు వండి వాళ్లను భోజనానికి పిలిచాను. బియ్యంలాగే ఉడుకుతాయనుకొని బెల్లం ముందే వేసి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉడికించాను. గింజ రాయిలాగే ఉంది. ఇంటామె ఒక్కొక్క గింజా నమిలి తిన్నది. అంతసేపు ఆమె నోరు మాటకు తెరవకుండా ఉండడం తన పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదని కోడలు నా చెవిలో చెప్పింది.

ఇలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ముద్‌ఖేడ్ నుంచి వాళ్లకు తెలిసినామె ఎవరో వచ్చింది. ఆమె వెళ్తుంటే ఇంటామె ఆపి, ఆమె కొంగులోనూ టెంకాయ, రవికె గుడ్డ పెట్టి గోధుమలు పోసింది. నేను వాకిట్లోనే ఉన్నాను. నాకు ఒళ్లు మండింది.

“నీకు ఎంతమంది బిడ్డలమ్మా? నాకొక మాటన్న చెప్పకుంట ఇంకొకదాన్ని ఎట్ల చేసుకుంటవ్?”

వచ్చినామె భయపడి టెంకాయను గుండెకు హత్తుకుంది. ఇంటామె కోడలి వైపు చూసింది. ఇక కోడలికి అంతా విప్పి చెప్పక తప్పలేదు. అప్పుడు నాకూ తెలిసింది. వాళ్లలో ఇంటికొచ్చిన ముత్తయిదువ ఎవరైనా సరే, వెళ్లేముందు ఒడి నింపడం మర్యాదట. వారం కింద గాజులామెకు కూడా నింపిందట.

నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు, విన్నాడు, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“పది దినాలు ఆళ్ల వంటింట్ల తిరిగినవా? ఇంటామెకు నా మొకం ఎట్ల సూపియ్యాలె? మూట కట్టు, రేపు పొద్దటి బస్సుకు పోదాం.”

నేను చీరలు మడతపెట్టాను, ఆయన మూట కట్టాడు. అంతలో తలుపు చప్పుడైంది. అత్తాకోడళ్లు ఇద్దరూ. ఇంటామె మూటను చూసి గట్టిగా ఏదో అంది.

“మధ్యాహ్నం నుంచి ఎందుకు రాలేదని అడుగుతుంది. అలిగితె అలుగు గని, చాయ్ తాగి అలుగు అంటుంది,” అని చెప్పి, కోడలు అదే ఊపిరిలో నాతో అంది, “పోకు వదినె. నాకు తొల్తనే ఎరుక. మా భోకర్ దిక్కు గూడ మీలెక్కనే ఒడిబియ్యం పోస్తరు.”

“మరి చెప్పలేదేంది?”

“ఎందుకు చెప్త? నువ్వొచ్చినంక మా అత్త నీ ఎంబడి పడ్డది, నన్ను ఒదిలిపెట్టింది. పది దినాలు నా పానం సల్లగున్నది. నువ్వు పోతె మల్ల నేనే దొరుకుత.”

“కాయ్ మ్హణతే తీ?” నేనేమంటున్నానని ఇంటామె కోడలిని అడిగింది. కోడలు మరాఠీలో, ఆమె మనసు చాలా పెద్దదని నేను పొగుడుతున్నట్టు అత్తకు చెప్పింది. ఆ అబద్ధం నాకు పూర్తిగా అర్థమైంది! ఆ ఊరికొచ్చాక ఎవరూ చెప్పకుండా నాకు అర్థమైన మొదటి మరాఠీ మాట అదే. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇంటామె మా ఆయన వైపు తిరిగింది. “జావయీబువా,” అని పిలిచింది. అంటే అల్లుడుగారూ అని. మిగతా మాట కోడలు తెలుగులో చెప్పింది. “కూతురిని తీసుకుపోయేముందు తల్లిని అడగాలని మీ ఊళ్లో చెప్పలేదా?”

ఇంటామె గొంతు ముందు మిల్లు చప్పుడు ఎంత? మా ఆయన కింద కూర్చొని, తాను కట్టిన మూట తానే విప్పాడు.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఇంటి ఆడపిల్లలు ఏ ఊరు పోయినా నా అనేవాళ్లు దొరకాలి. మీ ఇంటికొచ్చిన కోడళ్లు కడుపునిండా తిని, కడుపునిండా నవ్వాలి.