విలన్ సారు పొలం

పోయిన వారం మా మేనమామ చనిపోయాడు. కబురు విని వచ్చిన ఆయన తోటి సార్లలో ఒకడు శవం పక్కన నిలబడి, "పల్లెటూరోడైనా పద్ధతిగల్ల మనిషి" అన్నాడు. ఆ 'అయినా' వినేసరికి నాకు ఒళ్ళు మండింది.

నేను చదివిన చిట్గుప్ప బడిలోనే మామ ఇంగ్లీషు చెప్పేవాడు. వానకాలం పొద్దున్నే కంది చేలో కలుపు తీసి, కాళ్ళ మన్నుతోనే బడికొచ్చేవాడు. స్టాఫ్ రూములో కొందరు ముక్కులు మూసుకునేవారు. "అన్నం తినేటప్పుడు గూడ మూసుకోండ్రి సార్, అది గూడ మన్నుల పండిందే" అనేవాడు మామ. జవాబు చెప్పే తెలివి లేదు కదా, వెనకాల 'విలన్' అని పేరు పెట్టుకున్నారు. మీ ఊళ్ళోనూ ఉంటారు ఇలాంటి పెద్దమనుషులు.

ఆ పేరు మామ చెవిన పడింది. కోపం చేసుకోలేదు. మా క్లాసుకొచ్చి బోర్డు మీద ఆ మాటే రాశాడు.

"ఎనుకట విలన్ అంటే దొర పొలంల పనిచేసేటోడు, గంతే. ఆడు పండిచ్చింది తినుకుంటనే ఆణ్ణి నీచంగ చూసిండ్రు. రాను రాను ఆ పేరు మోటోనికైంది, ఎనుక దుర్మార్గునికైంది, ఇప్పుడు సినిమాల కత్తి పట్టేటోనికైంది. మాట చెడలేదురా, పలికిన నోర్లు చెడ్డయి."

అంత గొప్ప పాఠం నాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

తన పొలంలోనే పూడ్చి మన్ను చెయ్యమన్నది మామ ఆఖరి కోరిక. సార్లకది నచ్చలేదు. "టౌన్ల మంచి జాగా ఉన్నదమ్మా. గీ బురదల వచ్చేటోళ్ళకు పరేషాన్" అని అత్తకు నచ్చజెప్పసాగారు. వచ్చేటోళ్ళంటే వాళ్ళే, వాళ్ళ బూట్లే. అత్త ఏనాడూ సార్లకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఎక్కడ తలూపుతుందోనని ఆమె మొహం వైపే చూస్తున్నాను.

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరు పెట్టిన పేరే గద సార్, విలన్ అని. విలన్ పొలంలనే ఉంటడు. బూట్లు ఇప్పి రాండ్రి."

సార్లు బూట్లు విప్పారు. ప్యాంట్లు మడుచుకుని, పిక్కల దాకా బురదలో దిగబడుతూ వచ్చారు. ఆనవాయితీ ప్రకారం తలా పిడికెడు మన్ను వేశారు. వేసిన చేతిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక దూరంగా పట్టుకు నిలబడ్డారు.

ఇంతలో వాన మొదలైంది. గట్టు మీద వాళ్ళ బూట్లు వరుసగా ఉన్నాయి, మామ కంది చేను వైపు నోళ్ళు తెరుచుకుని. వాటిలో నీళ్ళు నిండుతున్నాయి.