దూది పోచ

ఆవిణ్ణి ఆసుపత్రిలో అందరూ దూది డాక్టరమ్మ అంటారు. నోరు తెరవమనే ముందు దూదిని పోచలా మెలిపెట్టి, రోగి చేత కళ్లు మూయించి, కింది పెదవికీ గడ్డానికీ రెండు పక్కలా తాకించి చూడటం ఆవిడ అలవాటు. "పన్ను చూపించుకోడానికొస్తే గడ్డం కింద చక్కిలిగిలి పెడుతుందేంటి!" అని నర్సులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. పళ్లు బాగుండి, దెబ్బేమీ తగలకుండా గడ్డం ఒక పక్క మొద్దుబారిందంటే, ఒంట్లో ఎక్కడో నక్కిన క్యాన్సర్ దవడ నరం దాకా పాకి ఉండవచ్చు. చాలా అరుదు. అరుదు కాబట్టే ఎవరూ అడగరు. ఈవిడ వచ్చిన ప్రతివాణ్నీ అడుగుతుంది.

ఇంట్లో మాత్రం ఆ తెలివంతా చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోయేది. భర్త బడిలో బొమ్మల మాస్టారు. "పెరటి చెట్టు మందుకు పనికిరాదోయ్" అంటూ ఒక్కనాడూ భార్యకు నోరు చూపించిన పాపాన పోలేదు. కొంతకాలంగా ఆయన టీ తాగితే చుక్క గడ్డం మీదికి జారేది, తుడుచుకునేవాడు కాదు.

"ఏమండీ, మూతి! చిన్నపిల్లాడా మీరు?"

"బొమ్మలేసేవాణ్ని, రంగంటుకోదా ఏంటి?"

"అది రంగు కాదు, టీ."

కాపురంలో చిరాకు ఒకటి అలవాటైతే, మొహం చూడకుండానే రోజులు గడిచిపోతాయి. ఆవిడకూ అలాగే గడిచాయి.

ఆవేళ ఒక లారీ డ్రైవరును అతని భార్య రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "ఈయన మూతికి రొట్టె తునక అంటుకున్నా తెలీదమ్మా. తిట్టీ తిట్టీ నా నోరు పడిపోయింది. నిన్న గడ్డం గీసుకుంటే తెగి రక్తం కారుతోంది, అదీ తెలీదట. ఇంత మొద్దు మనిషిని ఎక్కడా చూళ్లేదు!"

డాక్టరమ్మ దూది తాకించింది. ఎడమ పక్క జవాబు లేదు. పళ్లు చూసింది, గట్టిగానే ఉన్నాయి. స్కానింగు రాసిస్తూ ఆమెతో అంది: "తిట్టడం మానేయమ్మా. అది ఆయన తప్పు కాదు."

అన్నాక ఆ మాట ఆవిడకే వినపడింది.

గుండె ఝల్లుమనలేదు. ఏడుపూ రాలేదు. మిగిలిన రోగులను చూసింది, చేతులు కడుక్కుంది, నర్సు వేసిన జోకుకు నవ్వింది కూడా. కాస్త దూది సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

"ఏమండీ, ఇలా కూర్చోండి. కళ్లు మూసుకుని, తగలగానే చెప్పండి."

"అబ్బో! ఇవాళ పెరటి చెట్టే మందిస్తానంటోందే!" అంటూ మాస్టారు కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

కుడి పక్క తాకించింది. "ఆఁ, తగిలింది."

ఎడమ పక్క పెదవికి తాకించింది. గడ్డానికి తాకించింది. అక్కడ టీ చుక్క ఒకటి ఎండి ఉంటే దాన్ని వేలితో గట్టిగా తుడిచింది. పెదవి కొసన మళ్లీ తాకించింది. ఆయన కళ్లు మూసుకుని చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు.

"కానీవోయ్, ఎంతసేపు కూర్చోబెడతావ్? రెండో పక్క ఎప్పుడు చూస్తావ్?" అన్నాడు.