సిరిమాను నాడు కొంగు ముడి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని నేనెప్పుడూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పాను. బడి వెనక ఏదో కనిపించిందని పిల్లలు ఏడుస్తూ వస్తే, చెయ్యి పట్టుకుని ఆ చోటుకే తీసుకెళ్ళి చూపించి తెచ్చేదాన్ని. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. నాకు మరపు లేదు. అది నాకున్న రోగమని మా వాళ్ళంటారు.

అరవయ్యో దశకం చివర్లో మాట. మాది పాతపట్నం. మాకు పట్నమంటే విజయనగరమే. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను చూడడానికి ఏటా వెళ్ళేవాళ్ళం. నౌపడా దాకా చిన్న రైలు, అక్కణ్ణించి పెద్ద రైలు. పట్నం వచ్చినవాళ్ళు ఏమేం చెయ్యాలో ఒక వరస ఉండేది. పొద్దున్నే కోట చూడాలి, గంటస్తంభం దగ్గర గాజులు వేయించుకోవాలి, హోటల్లో అట్టు తినాలి, మధ్యాహ్నానికల్లా దారి పక్కన చోటు పట్టుకోవాలి. సిరిమానంటే ఆకాశంలోకి లేచిన చింతమాను, దాని చివర పూజారి కూర్చుంటాడు. ఆ మానుని బండి మీద అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్ళు విసురుతారు.

మా మేనమామ ఇల్లు ఆ దారిలోనే. మేడ మీంచి చూస్తే పూజారి ముఖం ఎదురుగా కనిపిస్తుంది. ఆ ఏడు మేడంతా అత్తయ్య తన పుట్టింటివాళ్ళకి ఇచ్చేసింది. "మీరు కింద అరుగు మీద కూకోండమ్మా, కిందైతే గాలొస్తాది" అంది. చూడడానికి వచ్చినవాళ్ళకి గాలి ఇచ్చిందన్నమాట. నేను అరుగు మీద కూర్చోనని, కోట దగ్గరికే వెళ్ళి చూస్తానని లేచాను.

మా చెల్లెలు రమణ కూడా ఆ రోజు అక్కడే ఉంది. నెల్లిమర్ల నుంచి వచ్చింది. వాళ్ళాయన జూట్ మిల్లులో పని. మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

కారణం దాచను. వాళ్ళ పాప అన్నప్రాసనకి రమణ నాకు ఒక కార్డు ముక్క రాసి ఊరుకుంది. తోడబుట్టినదాన్ని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. అత్తవారి వైపు వాళ్ళని అలాగే పిలిచిందని నాకు తెలుసు. నేను వెళ్ళలేదు. తరవాత కొన్నాళ్ళకి, పాపకి జ్వరం, విరేచనాలు, అప్పని రమ్మంటోందని మిల్లు మనిషి ఒకతను మా ఇంటికొచ్చి చెప్పాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. అప్పుడూ వెళ్ళలేదు. పిలవవలసినట్టు పిలవని గడప తొక్కనని కూర్చున్నాను. నాలుగో రోజున టెలిగ్రాం వచ్చింది.

పాపకి పది నెలలు. నడక కూడా రాలేదు. టెలిగ్రాం అందాక వెళ్ళాను. రమణ నా ముఖం చూడలేదు. అదీ మనసులో పెట్టుకున్నాను.

సిరిమాను నాడు నేను కోట దగ్గరికి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో ఆపింది. జాతర జనంలో తప్పిపోకుండా మా ఊళ్ళ ఆడవాళ్ళు కొంగుకి కొంగు ముడేసుకుని నడుస్తారు. అమ్మ రమణని లాక్కొచ్చి నా వెనక నిలబెట్టి, ఇద్దరి కొంగులూ కలిపి ముడేసింది.

"రెండేళ్ళయిపోనాది. ఇంకెన్నాళ్ళే ఈ మూతి ముడుపులు? ఇద్దరూ పోయి సూసి రండి" అంది.

"దీనెనకాల నేనూరేగాలేటి?" అంది రమణ.

అమ్మ వినిపించుకోకుండా లోపలికి పోయింది. నేను వెనక్కి తిరగలేదు. ముందు అదే పలకరించాలి. మెట్లు దిగి నడిచాను. భుజం మీద కొంగు బరువుగా లాగింది. వస్తోందనుకున్నాను.

దారంతా ఆ బరువు ఉంది. నేను ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. ఒక్క సంగతి మాత్రం అప్పుడే వింతగా తోచింది. లాగుడు వెనక్కి లేదు, కిందికి ఉంది. రమణ నాకంటే పొడగరి. కాళ్ళు నొప్పెట్టి వంగి నడుస్తోందేమో అనుకున్నాను. అయినా తిరిగి చూడలేదు. చూస్తే నేను తగ్గినట్టవుతుంది.

కోట దగ్గర అరటిపళ్ళు అమ్మే ముసలమ్మని ఒక పండు ఇమ్మన్నాను.

"ఏటమ్మా, నీకొక్కదానికేనా? ఎనకున్నదానికక్కర్నేదా?" అంది.

రెండు తీసుకున్నాను. ఒకటి తల తిప్పకుండానే వెనక్కి చాచాను. చేతిలోంచి తీసుకున్నారు. వేళ్ళు తగిలాయి. అవి చల్లగా లేవు. ఎండలో నిలబడ్డ ఎవరి వేళ్ళయినా ఎలా ఉంటాయో అలాగే వెచ్చగా, కాస్త జిగటగా ఉన్నాయి.

పండు తీసుకుందంటే రమణ మెత్తబడిందని నాకు అనిపించింది. అంతలో సిరిమాను వచ్చింది. జనం ఒక్కసారి ముందుకి తోశారు. చుట్టూ కేకలు, డప్పులు. ఆ రొదలో ఏమన్నా మూడో మనిషికి వినపడదు. ఆ ధైర్యంతోనే, ముందుకే చూస్తూ అన్నాను.

"రమణా, ఆ రోజు నేను రావల్సింది. తప్పు నాదేనే. బొట్టనీ కార్డనీ కూకున్నాను. నీ బిడ్డని ఒక్కసారైనా ఎత్తుకోనేదు."

నా జన్మలో ఎవరితోనైనా "తప్పు నాదే" అన్నది ఆ ఒక్కసారే. కొంగు రెండుసార్లు మెల్లగా లాగినట్టయింది. సరేనన్నట్టు. నా చేతిలో పండు విసరడం మరిచిపోయాను.

మూడో తిరుగుడు చూడకుండానే ఇంటిదారి పట్టాను. ఇంకా వెలుగుంది. కొంగు మీద బరువు అలాగే ఉంది. మావయ్య ఇంటి మెట్టు మీద కాలు పెట్టి తలెత్తేసరికి, ఎదురుగా అరుగు మీద రమణ కూర్చుని మరమరాలు తింటోంది.

అదే క్షణంలో భుజం తేలికైపోయింది. అప్పుడు తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"నువ్వెప్పుడొచ్చినావు?" అన్నాను. రెండేళ్ళ తరవాత దానితో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేనెక్కడికెల్లినాను? నువ్వు మెట్టు దిగకముందే ముడి ఇప్పీసినాను. నువ్వెనక్కి తిరిగి సూడవని నాకు తెలుసప్పా. ఏటలా సూస్తన్నావు?"

అమ్మ కూడా అదే చెప్పింది. రమణ అరుగు దిగలేదు. మేడ మీంచి అత్తయ్యా చూసింది. ఆవిడకి నాకోసం అబద్ధం చెప్పే అవసరం ఏనాడూ లేదు.

నా కొంగు చివర ముడి మాత్రం ఉంది. రమణ విప్పేశానన్న ముడి. అందులో రెండో చీర లేదు, నా కొంగే దాని మీద అదే బిగిసి ఉంది. అమ్మ పళ్ళతో లాగి విప్పింది. ఆ మూలంతా నలిగి, అరటిపండు గుజ్జు అంటుకుని ఉంది. అరటిపళ్ళు విసిరే చోట అది సాక్ష్యం కాదని నాకు తెలుసు.

మిగతా వాటికి కూడా జవాబులు వెతికాను. గుంపులో కొంగు ఎవరి కాలికిందో పడి ఉండవచ్చు. ముసలమ్మ నా వెనక నిలబడ్డ వేరే ఎవరినో చూసి ఉండవచ్చు. పండు ఏ దారిన పోయేవాళ్ళో లాక్కుని ఉండవచ్చు. ఒక్కొక్కటిగా చూస్తే అన్నిటికీ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. అంత దూరం, అంతసేపు, నేను ఆగినప్పుడల్లా ఆగి, ఇంటి మెట్టు దాకా వచ్చిన బరువుకి మాత్రం ఏమీ దొరకలేదు. మీరు ఇప్పుడేమనుకుంటున్నారో నాకు తెలుసు. నేను ఆ మాట అనను. పాప నడక రాని పిల్ల.

ఆ సాయంత్రం రమణ పక్కన కూర్చుని, కోట దగ్గర అన్న మాట మళ్ళీ అనాలని చూశాను. రాలేదు. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. దాని ముఖం చూస్తే నాకు కార్డు ముక్కే గుర్తొచ్చింది. ఆ రోజు వెనక్కి తిరిగి ఉంటే అసలే అని ఉండేదాన్ని కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

తరవాత మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. పెళ్ళిళ్ళకి, చావులకి కలుస్తూనే ఉన్నాం. ఆ ఒక్క మాట మాత్రం రమణ ఇంతవరకూ వినలేదు. నేను తప్పు ఒప్పుకున్నానని దానికి తెలియదు. విన్నది ఇంకెవరో.

ఇప్పుడిద్దరం పెద్దవాళ్ళమైపోయాం. రమణ ఈ పత్రిక తెప్పించుకుంటుంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివి, ఆ రోజు నా వెనక వచ్చిందెవరని అది అడుగుతుంది. రమణా, నాకు తెలియదే.