గేటు దగ్గర పట్టుబడ్డ దగ్గు

నేను వడ్రంగిని. ఎంత మొండి కర్రనైనా లొంగదీస్తాను కానీ, గిన్నెలు తోమమని మా ఆవిడ అనగానే నాకు దగ్గొస్తుంది.

కరోనా రోజుల్లో ఒక పొద్దున పాపను క్రెష్‌లో దింపి, ఓ ఇంటికి తలుపు బిగించడానికి పోవాలి. గేటు దగ్గర ఆయమ్మ మా ఇద్దరికీ జ్వరం ఉందేమోనని చూసి, "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అంది.

"అబ్బే, లేదమ్మా," అన్నాను దర్జాగా.

"నాన్నకుంది! అమ్మ గిన్నెలు తోమమంటే వస్తుంది," అంది పాప.

ఆయమ్మ పగలబడి నవ్వింది. "అర్థమైందిలే నాయనా. అయినా దగ్గు మాట విన్నాక లోపలికి పంపితే నన్ను బతకనిస్తారా? ఇంటికి తీసుకెళ్లు."

పాపతో ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అప్పటికే పనికి వెళ్లిపోయింది. తలుపు ఇంటాయన ఫోన్ చేసి, "ఏమయ్యా, రాలేదేం?" అన్నాడు.

"దగ్గండీ," అన్నాను, చేతులకున్న గిన్నెల సబ్బు తుడుచుకుంటూ.