ఎడమవైపు అడుగుల చప్పుడు

నాతో ముఖ్యమైన సంగతేదైనా చెప్పాలంటే కుడిపక్క కూర్చుని చెప్పండి. ఎడమపక్క కూర్చుని చెబితే తలాడిస్తాను. ఆ తలాడింపుకు ఒప్పుకున్నానని అర్థం కాదు. ఎవరో ఏదో అన్నారు, మళ్ళీ చెప్పించుకోవడం ఎందుకొచ్చిన గొడవ అని, అంతే.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. నౌపడ ఉప్పు మడులకు ఇవతల ఉంటుంది మా ఊరు. ఇంటికొక మిలటరీవాడు ఉంటాడు. పింఛనుతో తిరిగొచ్చినవాళ్ళమంతా సాయంత్రం టీకొట్టు దగ్గర చేరితే బెంచీకి ఎడమ చివర కోసం తోసుకుంటాం. అక్కడ కూర్చున్నవాడికి మిగతావాళ్ళంతా కుడిపక్కే ఉంటారు మరి. మా ఆడవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. మొగుణ్ణి తిట్టాలంటే చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చి మరీ తిడతారు. మా పక్కింటాయన దగ్గరికి ఒకసారి ఆయన బావమరిది వచ్చి, ఎడమపక్క నిలబడి, బండి పర్లాకిమిడి తీసుకెళ్తానని అడిగాడట. ఈయన తలాడించాడు. సాయంత్రానికి బండి పోయిందని స్టేషన్లో కంప్లైంటు ఇచ్చాడు. తిరిగొస్తున్న బావమరిదిని దారిలో పోలీసులు పట్టుకున్నారు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆ మాటెత్తితే చీపురు లేస్తుంది.

దీనంతటికీ కారణం రైఫిల్. కుడిచేతివాటం వాడు రైఫిల్ బట్టును కుడి భుజానికి ఆనించి, చెంప దానిమీద వాల్చి పేలుస్తాడు. కుడి చెవి తల చాటున, భుజం చాటున కాస్త దాక్కుంటుంది. ఎడమ చెవి మాత్రం గొట్టం మూతివైపు తెరుచుకుని ఉంటుంది. పేలిన ప్రతిసారీ దెబ్బ తినేది అదే.

ఆడవాళ్ళు కనిపెట్టారుగాని, మేం ఇది పైకి చెప్పం, పిల్లలకు కూడా. చలిగాలి పట్టిందంటాం, స్నానం చేస్తుంటే నీళ్ళు పోయాయంటాం. చెవుడని తెలిస్తే కాపలా ఉద్యోగాలు ఎవడిస్తాడు? నేను టెక్కలిలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల తుపాకితో నిలబడతాను. ఎడమపక్క నుంచి ఎవరైనా పాస్‌బుక్ ఎక్కడ ఎక్కించాలని అడిగితే పలకను. మిలటరీ పొగరు అనుకుంటారు. అనుకోనీ. చెవుడనుకోవడం కంటే పొగరనుకోవడమే నాకు మేలు.

మాకు ఒక్కతే కూతురు. ఎచ్చెర్లలో చదువు ముగించి, కేంద్ర పోలీసు బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి పరీక్ష రాసింది. పొద్దున్నే భావనపాడు ఇసుకలో పరుగు, మధ్యాహ్నం ఫోన్లో తుపాకుల ఆట. తనూ, ఇంకో ముగ్గురు ఆడపిల్లలూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒక జట్టుగా ఆడేవారు. ఆ జట్టుకు మా అమ్మాయే చెవి. "ఎనకాల మెట్లమీద ఒకడొస్తన్నాడు", "గడ్డిలో కాదే, సెక్కమీద నడుస్తన్నాడు, ఎడంపక్క గదిలోన" అని, మనిషి కనబడకుండానే చెప్పేది. మిగతా పిల్లలు దాన్ని చెవులపిల్లీ అని పిలిచేవారు. చిన్నప్పటి నుంచీ దాని చెవులు అలాంటివే. గేటు తీయకముందే, చెప్పుల చప్పుడును బట్టి వచ్చిన చుట్టం ఎవరో చెప్పేసేది. ఆ చెవులంటే నాకు ముచ్చట.

ఒకరోజు బ్యాంకుకు సెలవు. దాని వెనక కుర్చీ వేసుకుని ఆ ఆట చూశాను. నాకు ఒళ్ళు మండింది. ఆటలో అది ఒక పాడుబడ్డ ఇంట్లో దూరింది. నేలమీద ఏకే రైఫిల్ పడి ఉంది. తీసుకుంది.

"ఎవలదే అది?" అన్నాను.

"ఎవల్దీ కాదు నాన్నా. పడున్నాది, తీసుకున్నాను."

"నేలమీద రైఫిల్ పడేసినోడెవడే? ఆడి తోలు ఒలిసీనేదా?"

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ట్రైనింగులో రైఫిల్ చేతిలోంచి జారి నేల తాకితే, దాన్ని రెండు చేతులా నెత్తిమీద ఎత్తి పట్టుకుని మైదానం చుట్టూ పరిగెత్తాలి. చాలు అనేవరకూ పరుగే. మొదట దాని బరువు తెలియదు. పెళ్ళిలో చంటిపిల్లను అందుకున్నట్టు ఉంటుంది. కాసేపటికి ఎవరైనా వచ్చి తీసుకుంటే బాగుండుననిపిస్తుంది. ఎవడూ రాడు. ఇక్కడ మా అమ్మాయి రెండు రైఫిళ్ళు వీపున వేసుకుని, కిటికీలోంచి దూకి, గుట్ట ఎక్కుతూ పరిగెడుతోంది. రొప్పు లేదు, చెమట లేదు.

నాలుగు గుళ్ళు పేల్చి, ఇంకా సగం ఉండగానే మ్యాగజీన్ మార్చేసింది.

"మిగిలిన గుళ్ళేవీ?"

"అయ్యే కలిసిపోతాయి నాన్నా."

"పేలిన గుళ్ళ ఖాళీ తొడుగులేవీ?"

"కింద పడతాయి. మాయమైపోతాయి."

ఓరి నాయనో. మాకు ఫైరింగ్ అయ్యాకే అసలు పని మొదలయ్యేది. ఎన్ని గుళ్ళు ఇచ్చారో అన్ని ఇత్తడి ఖాళీలూ తిరిగి అప్పజెప్పాలి. ఒకటి తగ్గితే అందరం మోకాళ్ళమీద గడ్డి దువ్వాల్సిందే. అది దొరికితేగాని అన్నం లేదు. ఆ తర్వాత గొట్టంలో గుడ్డముక్క లాగుతూ మసి తుడవాలి. తెల్లగుడ్డ తెల్లగా బయటికి వచ్చేవరకూ తుడవాలి. నా సర్వీసులో రైఫిల్ పేల్చిన రోజులు తక్కువ, తుడిచిన రోజులు ఎక్కువ. ఈ ఆటలో తుడవడమే లేదు. ఇలా నేను ఒక్కొక్క తప్పూ పట్టి తిడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి అంది: "ఆటలో గుడ్డముక్క నేదని ఏడుస్తావేటి మావా! దానికి నువ్వు సెప్పడం సెవిటోడి ముందు శంకమూదినట్టే."

ఆ మాట ఎవరి మీద పడిందో అమ్మాయికి తట్టలేదు. నాకు తట్టింది.

"నువ్వే ఆడి సూడు నాన్నా," అని అమ్మాయి తన ఇయర్‌ఫోన్లు నా రెండు చెవుల్లో పెట్టి ఫోన్ చేతికిచ్చింది. "మిలట్రీ వోడివి కదా."

పౌరుషం వచ్చింది. ఒక గదిలో మూల కూర్చున్నాను. గురి పెట్టడం నాకెవడు నేర్పాలి? ఎవడో ఎడమపక్క గుమ్మంలోంచి వచ్చి నన్ను కాల్చేశాడు. మళ్ళీ ఆడాను. మళ్ళీ ఎడమపక్కే. మూడోసారీ అంతే. అది పడీపడీ నవ్వింది.

"అడుగుల సప్పుడు ఇనబడ్డంనేదా? ఎడమపక్కనుంచి టకటకా వస్తన్నాడు, గొడ్డు వొచ్చినట్టు!"

"రానేదే. ఏటీ రానేదు."

అది నవ్వుతూనే నా ఎడమ చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి తను పెట్టుకుని విన్నది. అది బాగానే పనిచేస్తోంది. అప్పుడు నవ్వు ఆపి, రెండూ తీసి, ఎడమదాన్ని నా కుడి చెవిలో పెట్టింది. అడుగులు వినబడ్డాయి. చెప్పులేసుకున్న మనిషి సిమెంటు నేలమీద నడిచినట్టు, ఎంత స్పష్టంగానో. నేను తలెత్తి చూసేసరికి అది నా మొహంలోకే చూస్తోంది. చెప్పుల చప్పుడుకే చుట్టాన్ని పోల్చే పిల్ల ఇంట్లో ఉన్న తండ్రి చెవిని ఇన్నాళ్ళూ పోల్చలేదు. నేను అంత జాగ్రత్తగా దాన్ని కుడిపక్కనే కూర్చోబెట్టుకుంటూ వచ్చాను మరి.

"ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

చెప్పేశాను. మొదటిసారి ఫైరింగ్ అయిన రోజున చెవిలో ఈల మొదలైందనీ, రెండు రోజుల్లో పోతుందని సీనియర్ అన్నాడనీ, పోయిందనీ, మళ్ళీ వచ్చిందనీ, చివరికి పోవడం మానేసిందనీ చెప్పాను. ఇప్పుడు ఆ పక్క ఈల ఒక్కటే ఉంటుంది. భావనపాడు వెళ్ళి ఒడ్డున నిలబడితే నాకు సగం సముద్రమే వినబడుతుంది. బాధా అంటే బాధ కాదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లితే ఎవరి కాలునో గిల్లినట్టుంటుందే, అలా. ఆ ఆటలో తుపాకి చప్పుడును బటన్ నొక్కి తగ్గించుకోవచ్చు. నేను చూడ్డానికొచ్చానని మా అమ్మాయి అప్పటికే తగ్గించి పెట్టింది కూడా.

"నువ్వీ ఉజ్జోగానికి ఎల్లకు," అన్నాను. "నీకు ఉన్నది సెవులే. అయ్యే తీసుకుంతారు."

"నువ్వెల్లనేదా?"

"నానెల్లాను. ఇంటికాడ కూడు నేక ఎల్లాను. నీకేటి తక్కువ?"

అది పాదాలు నా ముందుకు చాపింది. "పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు పుళ్ళు సేసుకున్నాను నాన్నా. ఇప్పుడు ఆగమంటే ఎలగ?" అంది. వాళ్ళమ్మ దాని పక్షమే. ఆడపిల్లకు సర్కారు ఉద్యోగం వస్తుంటే కాలదన్నుకుంటారా, చెవుల్లో పత్తి పెట్టుకుంటే పోద్ది, అని తేల్చేసింది. అమ్మాయి ఆన్‌లైన్‌లో చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు తెప్పించింది. నాకు చూపించడానికి వాటిని పెట్టుకుని, నన్ను పెరట్లోకి పంపి పిలవమంది. పిలిచాను. వినబడలేదని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఉద్యోగం వచ్చింది. పలాసలో రైలెక్కించాం. ఎక్కడో ఎడారి పక్కన ట్రైనింగ్. ఆదివారం ఆదివారం ఫోన్. మొదట్లో అన్నీ నవ్వులే. "నువ్వు సెప్పినట్టే నాన్నా, రైఫిలు యమ బరువున్నాది. నిన్న ఒకమ్మాయి పడేస్తే దానితోపాటు మమ్మల్నందర్నీ పరిగెట్టించినారు." గుడ్డముక్కతో తుడిచి తుడిచి గోళ్ళలో నల్లగా అయిందనీ, ఆటలో ఇంతకాలం ఏం ఆడామో అనిపిస్తోందనీ చెప్పేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి: ఫైరింగ్ ఎప్పుడు?

ఫైరింగ్ జరిగే వారాల్లో ఫోన్లు రాలేదు. బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడ్డానన్న మాటేగాని నా ధ్యాసంతా ఆ ఎడారి మీదే. భయమేసింది. నా చెవి పోయినప్పుడు నాకు భయం వేయలేదు, పని ఒత్తిడిలో చూసుకోనేలేదు. ఇప్పుడు దాని చెవి గురించి మాత్రం అన్నం సహించలేదు. పెట్టుకుని ఉంటుంది, తెలివైన పిల్ల, అని మా ఆవిడ కుడిపక్కకొచ్చి చెప్పేది.

ఆదివారం ఫోన్ మోగింది. హలో అనకుండానే అడిగాను.

"సెవుల్లో పెట్టుకున్నావా నేదా?"

"పెట్టుకున్నాను నాన్నా, మొదటిరోజు. పెట్టుకుంతే ఆర్డరు ఇనబడ్డంనేదు. అందరూ ఆపేసినా నానొక్కద్దాన్నే పేల్సేసినాను. పెద్ద తప్పు కదా అది. మరసట్రోజు తీసీసినాను."

రైఫిల్ పట్టిన మనిషికి ఆపు అన్న మాట వినబడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. దాన్ని ఏమని తిట్టను? అది చేసిందే సరైనది. అక్కడ నేనున్నా తీసేయమనే అనేవాణ్ణి.

"గురి బాగా కుదిరినాది నాన్నా. మా బేచ్‌లో రెండోదాన్ని."

అప్పుడు నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. మెల్లగానే అన్నాను, గట్టిగా అనే ధైర్యం లేక.

"వచ్చీయమ్మా. ఉజ్జోగమూ వద్దు, ఏటీ వద్దు. ఇంటికొచ్చీ."

అవతల దాని వెనకాల ఆడపిల్లల కబుర్లు, గిన్నెల మోత నాకు వినబడుతున్నాయి.

"ఏటి నాన్నా? ఆగు, ఇటు సెవికి మార్సుకుంతాను." ఫోన్ దేనికో రాసుకున్న చప్పుడైంది. "ఆఁ, ఇప్పుడు సెప్పు. ఏటన్నావు?"

"ఏటీ నేదమ్మా," అన్నాను. "అన్నం తిన్నావా అని."