పచ్చి కట్టెలు, డేనియల్ అంకుల్

నా తెలివితేటల మీద ఇంకా గౌరవం మిగిలినవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడితో చదవడం ఆపెయ్యండి. ఇది నేను కారు వెనక తగిలించే ట్రైలర్ బండెడు కట్టెలతో సృష్టించిన విపత్తు.

ఎనభైల చివర్లో మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో అగ్గిపెట్టెంత యూనిట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఊరి పేరులో కాస్త వెర్రి ముందే ఉంది. మిగతాది భీమవరం నుంచి నేను పట్టుకెళ్ళాను. చలి మొదలవగానే హాల్లో ఉన్న ఇనప పొయ్యికి కట్టెలు కావాల్సొచ్చాయి.

"ఆ సంగతి నాకొదిలెయ్యండి. కట్టెల పొయ్యి మీద వండుతూ పెరిగినదాన్ని," అన్నాను మా ఆయనతో.

కట్టెల యార్డులో ఒక్కో మొద్దూ ఎత్తి చూశాను. ఎంత బరువుంటే అంత మంచి సరుకని నా లెక్క. యార్డు ముసలాయన తల గోక్కుని, "నెక్స్ట్ వింటర్, లవ్," అన్నాడు. అక్కడ లవ్ అంటే మన 'అమ్మా' లాంటి పిలుపే. వచ్చే చలికాలం దాకా సరిపోతాయంటున్నాడని మురిసిపోయి ట్రైలర్ నింపించేశాను.

"పెరట్లో గోడవారగా పేర్చి టార్పాలిన్ కప్పుదాం," అన్నారు మా ఆయన.

"వానకి తడిసిపోవూ?" అని కసిరి, బాత్రూమ్‌కి వెళ్ళే నడవాలో నా తలకంటే ఎత్తుగా పేర్చేశాను. ఆ తర్వాత ఆ నడవాలో ఎవరైనా సరే ఊపిరి బిగబట్టి పీతలా పక్కకి నడవాల్సిందే.

ఆదివారం మధ్యాహ్నం సంఘంవాళ్ళు ప్రార్థనకొచ్చారు. పొయ్యి వెలిగించాను. కట్టెలు బుస్సుమన్నాయి, నురగ కక్కాయి, మంట తప్ప అన్నీ ఇచ్చాయి. ఇల్లంతా పొగ. అందరి కళ్ళల్లో ధారలు. ప్రార్థన మొదలవకముందే అంత పశ్చాత్తాపం మా సంఘంలో నేనెప్పుడూ చూడలేదు.

మా అందరిలో పెద్దాయన డేనియల్ అంకుల్ దగ్గుతూ, "పచ్చి కట్టెలమ్మా ఇవి! ఈ బరువంతా నీళ్ళే. ఏడాది ఎండితే గానీ మండవు. అమ్మినాయన చెప్పలేదా?" అన్నారు.

నెక్స్ట్ వింటర్ అంటే ఏమిటో అప్పుడు వెలిగింది. పొయ్యి మాత్రం వెలగలేదు.

"చెప్పాడంకుల్. ఇంగ్లీషులో చెప్పాడు."

ఆయన కళ్ళు కడుక్కోవడానికి బాత్రూమ్‌లోకి వెళ్ళారు. అడుగున ఉన్నవైనా కాస్త ఎండి ఉంటాయేమోనని నేను అడుగు నుంచి ఒక మొద్దు లాగాను.

దబదబమంటూ గుట్టంతా కూలింది. ఆ బాత్రూమ్ తలుపేమో బయటికి తెరుచుకునే రకం.

"ఏమైందమ్మా?" లోపల్నుంచి అంకుల్.

"ఏం లేదంకుల్, కాస్త ఆగి రండి."

"తలుపు రావట్లేదు."

"అందుకే ఆగమంటున్నానంకుల్!"

ఆయన నిట్టూర్చి, "సరే, మీ పని మీరు కానివ్వండి, ప్రార్థన నేను కానిస్తాను," అని లోపల్నుంచే గొంతెత్తారు. మేం వరసగా నిలబడి మొద్దులు ఒకరి చేతికొకరు అందించుకుంటూ పెరట్లోకి చేరవేశాం. ఆమెన్‌కో మొద్దు. ముందు కోట్లు విప్పాం, తర్వాత స్వెటర్లు.

"కంగారేం లేదు, నెమ్మదిగానే తియ్యండి," అంది ఆయన భార్య గ్రేస్ ఆంటీ, సోఫాలో కాళ్ళు చాపుకుని.

అంకుల్ గడగడా వణుకుతూ బయటపడేసరికి మేమంతా చెమటలు కారుతూ, కిటికీలు తెరిచి విసురుకుంటున్నాం.

"పొయ్యి రాజుకుందా?" అన్నారు ఆశగా.

"లేదంకుల్, మేం రాజుకున్నాం," అన్నారు మా ఆయన.

ముందు నవ్వింది అంకులే. ఆ నవ్వులు టీ తాగేదాకా ఆగలేదు. ఆ టీకప్పు పట్టుకునే లేచి నిలబడి, అందరి ఎదుటా ప్రమాణం చేశాను: ఇకమీదట నా ఇంట కట్టెలు పెరట్లో ఉంటాయి, పెద్దలు హాల్లో ఉంటారు. ప్రాణముండగా ఆ ఇద్దరినీ ఒకే నడవాలో కలపను.