లెక్కకు అందని మేనత్త

ఆరోగ్యశాఖ ఆఫీసు మూడో అంతస్తులో, జిరాక్స్ మిషను పక్కన ఆమె కుర్చీ. జ్వరాలు ఏ వీధి నుంచి ఏ వీధికి పాకుతాయో, ఎంతమందికి టీకా వేస్తే ఆగుతాయో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. అందరూ లెక్కలమ్మ అనేవాళ్లు.

ఆ ఏడు ఫ్లూ జ్వరం ఆమె పరువు తీసింది. స్టేషను వైపు మొదలై నెమ్మదిగా పాకుతుందని ఆమె లెక్క. అదేమో మార్కెట్టు వెనక, ఆమె సొంత వీధిలోనే భగ్గుమంది.

"ఏమ్మా, జ్వరానికి నీ లెక్క చూపించలేదా?" అన్నాడు పై అధికారి.

తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కాగితాలు పరిచింది. ఆమె సమీకరణంలో ఒక్కో మనిషి రోజుకు పదిమందిని కలుస్తాడు. అంతలో మేనత్త చెప్పులు విప్పుతూ వచ్చింది. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి.

"టైలరు వాళ్లింట్లో అందరూ పడకేశారే. చూసొచ్చా. అట్నుంచటే ఫొటో స్టూడియో ఆయనకి చెప్పి, లాండ్రీ ఆవిడకి చెప్పి..."

లెక్కలమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "అత్తా, రోజుకి ఎంతమందిని కలుస్తావు?"

"నేనా? ఈ మోకాళ్లతో ఎక్కడికెళ్తానే!"

మర్నాడు సెలవు పెట్టి ఆవిడ వెంట తిరిగింది. మధ్యాహ్నానికే అరవై ఏడుగురు. రోగుల నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం, ఆ చేత్తోనే పక్కింటి పిల్లల బుగ్గలు పుణకటం!

ఆఫీసుకెళ్లి సమీకరణంలో 'ఎక్కువ తిరిగేవాళ్ల'కు వేరే వరస చేర్చింది. జ్వరం కాగితం మీద కూడా మార్కెట్టు వెనకే భగ్గుమంది. అలా తిరిగేవాళ్లకు ముందు టీకా వేస్తే సగం తగ్గుతుందని తేలింది. అధికారి సరేనన్నాడు.

చిక్కల్లా మేనత్తతోనే. సూది పేరెత్తితే ముచ్చెమటలు. "నాకేం రోగమే?"

"నీకు లేదత్తా. నువ్వు పంచుతున్నావు."

ఆవిడ మొహం చిన్నబోయింది. "పలకరించడానికేగా వెళ్లాను," అంది.

లెక్కలమ్మ నాలుక కరుచుకుంది. "అందుకే నీకు ముందు వేయిస్తున్నా. టీకా పనిచేసేదాకా పదిహేను రోజులు ఇంట్లో ఉండు. ఆ తర్వాత చేతులు కడుక్కుంటూ ఎంతమందినైనా పలకరించు."

మేనకోడలి చెయ్యి నలిపేస్తూ, కళ్లు గట్టిగా మూసుకుని వేయించుకుంది. ఇంటికి రాగానే ఫోను పట్టింది. సూది పొడవు ఒక్కో ఫోనుకీ బెత్తెడు పెరిగింది. "నేనే వేయించుకున్నాను, నీకేం మాయరోగం?" అని అందరినీ దులిపేసింది. మర్నాడు టీకా కేంద్రం క్యూ వీధి మలుపు తిరిగింది. వారానికని తెచ్చిన మందు రెండు రోజులకే ఖాళీ.

"ఇది కూడా నీ లెక్కలో లేదా?" అని అరిచాడు అధికారి.

"లేదు సార్," అని ఒప్పేసుకుంది.

మళ్లీ మందు తెప్పించారు. జ్వరం తగ్గుముఖం పట్టింది. పదహారో రోజు పొద్దున్నే మేనత్త సబ్బుబిళ్ల సంచీలో వేసుకుని బయల్దేరింది. లెక్క రాద్దామని వెంటపడ్డ లెక్కలమ్మ పదకొండింటికే కాళ్లు పీకి ఇల్లు చేరింది. మేనత్త అప్పటికింకా రెండో వీధి పలకరింపుల్లోనే ఉంది.